పద్నాలుగో నంబరు బిళ్ళ

నా దస్తూరి బాగుంటుంది. ఈ మాట నేనే చెప్పుకోవడం బాగుండదు గానీ, నా సర్వీసులో నన్ను మెచ్చుకున్నవాళ్ళంతా ముందు దాన్నే మెచ్చుకున్నారు. లెక్కల పుస్తకం తెరిస్తే ముగ్గు వేసిన వాకిలిలా ఉండాలి నాకు. కొట్టివేత కనబడితే ఆ పూట అన్నం సయించదు. ఇప్పుడు అకౌంట్స్‌లో చేరే పిల్లలకు దస్తూరితో పని లేదు, కంప్యూటరే అన్నీ చక్కగా పేర్చి పెడుతుంది. అయినా ఈ సంగతి ఆ పిల్లలకే చెప్పాలనిపించింది. నేను చేసిన పెద్ద తప్పు కూడికలో చేసింది కాదు. ఆ తప్పున్న రిజిస్టరు నా సర్వీసు మొత్తంలోనే అందమైన రిజిస్టరు.

ములకలపల్లి దగ్గర, అడవి అయిపోయి వరి మొదలయ్యే చోట ఒక బియ్యం మిల్లులో నేను పనిచేశాను. మా తండాలో బీకాం చదివిన మొదటి ఆడపిల్లను. ఖమ్మంలో రెండు చోట్ల ఉద్యోగం అడిగితే, ఏ ఊరని అడిగి, చెప్పగానే తర్వాత కబురు చేస్తామన్నారు. ఆ కబురు ఇంకా రాలేదు. ఈ మిల్లు ఓనరు మాత్రం సర్టిఫికెట్ కూడా చూడకుండా ఒక కాగితం ఇచ్చి, “ఈ లారీ లెక్క తియ్యి అమ్మాయ్, చూద్దాం” అన్నారు. తీశాను. “రేపట్నించి వచ్చెయ్” అన్నారు. వాళ్ళ నాన్నగారి కాలంలో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొనుక్కున్న కుటుంబం వాళ్ళది. లారీ డ్రైవర్‌ని తిట్టేటప్పుడు కూడా ‘అండీ’ మానని మనిషి. నన్ను మాత్రం మొదటి రోజు నుంచీ ‘అమ్మాయ్’ అనే పిలిచారు. నాకు యాభై దాటాక కూడా అదే పిలుపు. ఆ పిలుపు కోసమే నేను వేరే చోట ఎక్కువ జీతం వస్తుందన్నా పోలేదు.

మా చుట్టుపక్కల ఏడు మిల్లులు కలిసి హమాలీల యూనియన్‌తో ఒక ఒప్పందం చేసుకున్నాయి. నేను చేరకముందు జరిగిన పని అది. బస్తా ఎక్కినా దిగినా మిల్లు ఓనరు కొన్ని పైసలు ఉమ్మడి ఫండులో వేయాలి. పదేళ్ళు బస్తాలు మోసిన హమాలీకి అరవై నిండాక ఆ ఫండు నుంచి నెలనెలా పింఛను రావాలి. ఆయన పోతే భార్యకు అందులో సగం. ఫండు ఆఫీసు భద్రాచలంలో ఒక కిరాయి గది. దాని ఖజానా బాధ్యత మా ఓనరుది కాబట్టి రిజిస్టరు రాయడం నా పని. ఏడు మిల్లుల హమాలీల పేర్లూ నా చేతి కిందే ఉండేవి.

ఆ ఒప్పందంలో ఒక షరతు ఉంది. ఏ మిల్లయినా ఫండు నుంచి తప్పుకోవాలంటే, ఆ రోజుకు ఫండులో ఎంత లోటుందో చూసి తన వంతు కట్టి పోవాలి. మిల్లు మూతబడ్డా దాని హమాలీలు బతికే ఉంటారు కదా. వాళ్ళ పింఛను మిగిలిన మిల్లుల నెత్తిన పడకూడదని తిలాపాపం తలా పిడికెడుగా రాసుకున్నారు. ఆ కాగితం మీద ఏడుగురు ఓనర్లూ సంతకాలు చేశారు. ఒక్కరూ చదవలేదని నా గట్టి నమ్మకం.

హమాలీల పద్ధతి కూడా ఒకటి చెప్పాలి. ఒక్కొక్కరికీ నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళ ఉంటుంది, ఏడు మిల్లులకూ కలిపి ఒకే వరస నంబర్లు, జబ్బకు కట్టుకుంటారు. బిళ్ళ ఉంటేనే ముఠాలో చోటు. అది ఇల్లు దాటి పోదు. యాభై దాటేసరికి మనిషి నడుము పోతుంది. అప్పుడు యాసంగి వడ్ల మొదటి లారీ వచ్చిన రోజున, ముఠా అందరి ముందు తండ్రి తన బిళ్ళ విప్పి కొడుకు జబ్బకు కడతాడు. కొడుకు లేకపోతే అల్లుడికి. బెల్లం, పుట్నాలు పంచుతారు. మర్నాటి నుంచి ఆ నంబరు కొడుకుది. తండ్రి ఇంటి దగ్గర మేకలు కాసుకుంటూ అరవై ఎప్పుడు నిండుతుందా అని చూస్తుంటాడు.

మా ముఠా మేస్త్రీది పద్నాలుగో నంబరు. బస్తాలు లెక్కపెట్టడంలో ఆయనకు తిరుగులేదు. పాతకాలం కొలతల్లోలాగే ఒకటి అనేవాడు కాదు, ‘లాభం’ అని మొదలుపెట్టి రెండు, మూడు అని పోయేవాడు. ఆయన లెక్కా నా లెక్కా ఎప్పుడైనా తేడా వస్తే నేనే మళ్ళీ కూడుకునేదాన్ని. నన్ను మేడం అనేవాడు, కానీ నేను లెక్క తప్పిన రోజు మాత్రం ఆ మేడంలో కొంచెం వెక్కిరింత వినబడేది.

రిజిస్టరు నా చేతికొచ్చిన కొత్తలో ఒక ఏడు గోదావరి భద్రాచలంలో మా ఫండు గదిలోకి వచ్చింది. నీళ్ళు తీశాక రిజిస్టరు తెచ్చి మిల్లు కళ్ళంలో వడ్ల పక్కనే ఎండబెట్టాను. నాకంటే ముందు రాసిన గుమాస్తా పేర్లన్నీ బాల్ పెన్నుతో, ఎవరు బిళ్ళ అప్పగించారో, ఎవరు చనిపోయారో చెప్పే గుర్తులన్నీ ఎర్ర సిరాతో పెట్టేవాడట. పేర్లు మిగిలాయి. ఎర్ర గుర్తులన్నీ కరిగి గులాబీ మరకలయ్యాయి. ఒక్కో నంబరు కింద రెండేసి, మూడేసి పేర్లున్నాయి. ఏది ఉన్నదో, ఏది పోయిందో తెలియదు.

నేను తెలివైనదాన్ని కదా, ఒక ఉపాయం ఆలోచించాను. ఏడు మిల్లుల మేస్త్రీలనూ పిలిచి నంబరు చదివాను. “ఒకటో నంబరు బిళ్ళ ఇప్పుడు ఎవరి జబ్బకున్నది?” వాళ్ళు చెప్పిన పేరు కొత్త రిజిస్టరులో రాశాను. నంబరుకు ఒక్క పేరు. ఒక్క కొట్టివేత లేదు. మా ఓనరు ఆ రిజిస్టరు తిరగేసి, “పెళ్ళి శుభలేఖలా ఉందమ్మాయ్” అన్నారు. ఆ తర్వాత ఎవరు బిళ్ళ అప్పగించినా తండ్రి పేరు మీద తెల్ల సిరా పూసి కొడుకు పేరు రాసేదాన్ని. మేస్త్రీ నడుము పోయి కొడుక్కి బిళ్ళ కట్టిన రోజు నేనూ అక్కడే ఉన్నాను, బెల్లం తిన్నాను, మధ్యాహ్నం వచ్చి ఆయన పేరు మీద తెల్ల సిరా పూశాను.

అప్పుడప్పుడు అరవై నిండిన ముసలాయన ఎవరో వచ్చేవాడు, మేస్త్రీలు సాక్ష్యం చెప్పేవాళ్ళు, నేను పింఛను జాబితాలో చేర్చేదాన్ని. ఈయన నిన్నటిదాకా నా పుస్తకంలో ఎక్కడున్నాడు అని ఒక్కసారి కూడా నన్ను నేను అడుక్కోలేదు.

అట్లా కొన్నేళ్ళు గడిచాయి. మా ఓనరుకు మోకాళ్ళు పోయాయి, పిల్లలు మిల్లు మాకొద్దన్నారు. మిల్లు మీద బ్యాంకు అప్పు కూడా ఉంది. కొనడానికి ఒక పార్టీ దొరికింది, అంతా మిషన్లతో నడిపేవాళ్ళు, హమాలీలతో పని లేనివాళ్ళు. బాకీలేవీ ఉండకూడదు, ఫండు నుంచి తప్పుకున్నట్టు కాగితం కావాలి అన్నారు.

“ఫండుకి మనం ఎంత కట్టాలో తేల్చమ్మాయ్” అన్నారు ఓనరు.

నేను రిజిస్టరు చూసి మనుషులను లెక్కపెట్టాను. ఇప్పుడు పింఛను తీసుకునేవాళ్ళు ఇందరు, పనిలో ఉన్నవాళ్ళు ఇందరు. ఆ లెక్క మీద ఖమ్మంలో ఆడిటరు డబ్బు లెక్క వేశాడు. లోటు ఉంది గానీ పెద్దది కాదు.

“ఇంతేనా? నేనింకా ఎంతో అనుకుని భయపడ్డాను” అన్నారు ఓనరు. మిల్లు అమ్మగా వచ్చినదాంట్లో బ్యాంకు అప్పు పోను, ఈ వంతు పోను, ఆయనకూ ఆయన భార్యకూ బతికినన్నాళ్ళు సరిపోయేంత మిగులుతుంది. ఆ రోజు ఆఫీసులో అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించారు. పార్టీ దగ్గర అడ్వాన్సు కూడా తీసుకున్నారు.

ఓనర్లూ యూనియనూ కూచుని ఈ లెక్క ఖాయం చేసే భద్రాచలం మీటింగుకు మూడు రోజుల ముందు, మనుషుల జాబితా మీద ముఠా తరఫున సంతకం కావాలని పాత మేస్త్రీకి కబురు పెట్టాను. బిళ్ళ కొడుక్కి ఇచ్చినా పెద్దరికం ఆయనదే. అప్పటికి ఆయనకు యాభై ఏడు. కర్ర పట్టుకుని వచ్చి, కాంటా పక్కన స్టూలు మీద కూచుని, వేలు పెట్టి నంబర్లు చదువుకుంటూ పోయాడు. వేలు ఒక చోట ఆగింది.

“పద్నాలుగు కాడ మా పోరని పేరున్నది మేడం.”

“అవ్, బిళ్ళ ఆయన కాడనే ఉన్నది కదా.”

“మరి నేనేడున్న?”

నేను జాబితా తీసుకుని మళ్ళీ చూశాను. పనిచేసేవాళ్ళలో ఆయన లేడు. పింఛను తీసుకునేవాళ్ళలోనూ లేడు, ఇంకా మూడేళ్ళుంది. ఆయన ఎక్కడా లేడు.

“పన్నెండోళ్ళ నాయిన లేడు. ఇరవై రెండోళ్ళ మామ లేడు,” మేస్త్రీ మెల్లగా అన్నాడు. “బిళ్ళ ఇచ్చినోళ్ళు ఒక్కలు లేరు గిండ్ల. ఏంది మేడం గిది?”

“రిజిస్టరు రాసేటప్పుడు మిమ్మల్నే అడిగిన కదా మేస్త్రీ! మీరు చెప్పిన పేర్లే రాసిన.”

“నువ్వడిగింది బిళ్ళ ఎవరి కాడున్నదని. చెప్పినం. పింఛను ఎవరికి రావాల్నని అడగలే.”

అటక మీద నుంచి వరదలో తడిసిన పాత రిజిస్టరు దింపించాను. పేజీలు అప్పడాల్లా అతుక్కుపోయాయి. కత్తితో ఒక్కొక్కటీ విడదీశాం. ప్రతి నంబరు కింద రెండేసి పేర్లు, మూడేసి పేర్లు. పక్కన గులాబీ మరక. చచ్చిపోయినవాళ్ళూ, పనిలో ఉన్నవాళ్ళూ, పింఛను తీసుకుంటున్నవాళ్ళూ పోగా మిగిలినవాళ్ళంతా అరవై కోసం కూచున్నవాళ్ళు. నేను చక్కగా రాయాలని పుస్తకంలో నుంచి తోసేసినవాళ్ళు. మర్నాడు మిగతా మిల్లుల మేస్త్రీలకు ఫోన్లు చేశాను. అన్ని చోట్లా ఇదే కథ.

ఆడిటరు మళ్ళీ లెక్క వేసి ఫోన్ చేశాడు. మా మిల్లు కట్టాల్సింది మూడింతలైంది.

నిజం చెప్తాను. ఆ పూటంతా నేను ఒక ఆలోచన చేశాను. మేస్త్రీ మాట దాచగల మనిషి, బతిమాలితే మీటింగు అయ్యేదాకా ఆగుతాడు. సంతకాలయ్యాక తప్పు బయటపడితే, అప్పుడది మిగిలిన ఆరు మిల్లుల తలనొప్పి. నాకు కుర్చీ ఇచ్చిన మనిషి క్షేమంగా బయటపడతాడు. నేను కూడా. నాకు ఉద్యోగం ఇవ్వని ఖమ్మం నాకేమీ గుర్తు రాలేదు, ఇచ్చిన ఈయనే గుర్తొచ్చారు. కానీ పద్నాలుగో నంబరు దగ్గర ఆగిన వేలు కూడా గుర్తొస్తూనే ఉంది.

ఓనరు గదిలోకి వెళ్ళి చెప్పేశాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“అడ్వాన్సు తీసుకున్నానమ్మాయ్.”

“తెలుసు సార్.”

“మూడు రోజులాగి గుర్తొస్తే ఏం పోయేది నీకు?”

“నాకేం పోదు సార్. ఆరు మిల్లుల మీద పడేది. వాళ్ళలో ఇంకొకరు అమ్ముకుంటే అయిదు మిల్లుల మీద. చివరికి ఎవరు మిగిల్తే వాళ్ళు చేతులెత్తేస్తరు. ముసలోళ్ళకు ఏం రాదు.”

“ముసలోళ్ళు, ముసలోళ్ళు! నేను కుర్రాడినా? ఇదంతా కట్టేస్తే నాకు మిగిలేదేమిటి? నా పింఛను సంగతేమిటమ్మాయ్?”

ఆయన ఎవరినీ మోసం చేయలేదు. తప్పు నాది, కట్టాల్సింది ఆయన. తల దించుకుని నిలబడ్డాను. ఏడుపు వచ్చింది గానీ ఏడిస్తే ఆయన జాలిపడతారని ఆపుకున్నాను. ఆ జాలి తీసుకునే హక్కు నాకు లేదనిపించింది.

కాసేపటికి బయట ఆటోల చప్పుడు. మేస్త్రీ మనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. నేను పిలవలేదు. జాబితాలో లేనివాళ్ళు ఎట్లా ఉంటారో చూపిద్దామని ఆయనకే తోచింది. కళ్ళంలో వరసగా నిలబెట్టాడు. కొందరు నిలబడలేక వడ్ల బస్తాలకు ఆనుకున్నారు. ఓనరు కిటికీలో నుంచి చూసి, కర్ర తీసుకుని, మోకాళ్ళ నొప్పితో మెట్లు ఒక్కొక్కటే దిగారు.

మేస్త్రీ నమస్తే పెట్టాడు. తర్వాత బస్తాలు లెక్కపెట్టే గొంతుతోనే మొదలుపెట్టాడు. ముందు తన రొమ్ము మీద చెయ్యి పెట్టుకున్నాడు.

“లాభం.”

పక్కనున్నాయన భుజం ముట్టుకున్నాడు. “రెండు.” ఇంకొకాయన. “మూడు.”

పంతొమ్మిది దాకా పోయింది. ఓనరు ఒక్కొక్కరి ముఖమే చూస్తూ ఆయన వెంట నడిచారు. అందరినీ ఎరుగుదురు ఆయన. ఈ మిల్లు గోడలు లేచిన ఏడాది నుంచీ వచ్చినవాళ్ళు కొందరున్నారు. చివరి మనిషి దగ్గర ఆగి, “నీకు కంటి ఆపరేషన్ అయిందా?” అని అడిగారు.

“అయింది దొరా. ఒక కన్నే.”

ఓనరు మెట్లెక్కుతూ నా వైపు చూడకుండా, “కొత్త లెక్కే మీటింగులో పెట్టు” అన్నారు.

మీటింగుకు ఆయన కారులోనే వెళ్ళాం. భద్రాచలంలో ఆరుగురు ఓనర్లూ, యూనియన్ పెద్దలూ కూచున్నారు. లేచి నిలబడి నా తప్పు నేనే చదివాను. పేజీ చూపించాను. ఒక ఓనరు, “దస్తూరి బాగుందని పుస్తకం చేతికిస్తే గిట్లనా మేడం మీరు చేసేది?” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాల్సి వచ్చింది. ఇంకొకాయన, ఇన్నాళ్ళు ఎవరూ అడగలేదు కదా, ఇంకొన్నాళ్ళు కదపకుండా ఉందామన్నాడు. యూనియన్ వాళ్ళు లేచి అరిచారు. అందులో సగం తిట్లు నాకే. అవి నాకు రావాల్సినవే.

మా ఓనరు లేచారు. “బయటికి పోయేవాణ్ణి నేనండీ. లోటు పెరిగితే ముందు తగిలేది నాకు. నేనే ఒప్పుకుంటుంటే ఉండేవాళ్ళకు అభ్యంతరమేమిటండీ? నా వంతు మూడు విడతల్లో కడతాను. మీరు బస్తాకు కొన్ని పైసలు పెంచండి.” అంతటితో వాదన అయిపోయింది. బస్తా మీద పైసలు పెంచారు. పింఛను మొదలయ్యే వయసు మాత్రం మార్చకూడదని యూనియన్ పట్టుబట్టి రాయించుకుంది.

కాగితాలు సర్దుకుని నేను బయటికి వచ్చేసరికి కారు లేదు. బస్టాండుకు నడిచి బస్సెక్కాను.

విడతలన్నీ తీరేదాకా ఆగలేమని ఆ పార్టీ వెనక్కి పోయింది, అడ్వాన్సు తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. తర్వాతి ఏడు ఇంకొకరికి తక్కువ ధరకు మిల్లు అమ్మారు. బ్యాంకు అప్పు, ఫండు వంతు పోను ఆయనకు మిగిలిందేమిటో నాకు తెలుసు, లెక్క తీసింది నేనే కదా. పొలం కొంత అమ్ముకుని ఖమ్మంలో చిన్న ఇంట్లోకి మారారు. మిల్లు పోయాక ఫండువాళ్ళు నన్ను తమ ఆఫీసులోకి తీసుకున్నారు. తప్పు చేసినదానికి దిద్దే పని ఇవ్వడం న్యాయమే అనుకున్నాను.

మూడో విడత కట్టడానికి ఆయనే స్వయంగా భద్రాచలం వచ్చారు. నేను కుర్చీ వేశాను, మంచినీళ్ళు ఇచ్చాను. చెక్కు బల్ల మీద పెట్టి ఆయన అన్నారు: “రసీదు ఇవ్వండి మేడం.”

రసీదు రాశాను. నా జన్మలో అంత పాడు దస్తూరితో ఏదీ రాయలేదు.

ఆ తర్వాత మళ్ళీ కలవలేదు. వెళ్ళి చూడాలని చాలాసార్లు అనుకున్నాను. ఏమని పిలుస్తారో అని భయమేసి ఆగిపోయాను. ఇది నా పిరికితనం, దీనికి వేరే పేరు పెట్టను.

మేస్త్రీకి అరవై నిండాక పింఛను మొదలైంది. మొదటి నెల సంతకానికి వచ్చినప్పుడు నా కొత్త రిజిస్టరు చూపించాను. అది చూడ్డానికి ఏమీ బాగుండదు. ఒక్కో నంబరు కింద నాలుగేసి వరసలు, బాణం గుర్తులు, పక్కన అతికించిన చీటీలు. పద్నాలుగు దగ్గర ఆయన పేరు, కింద కొడుకు పేరు. ఆయన వేలు పెట్టి చూసుకుని, “గిప్పుడు మంచిగున్నది” అన్నాడు.

నేను రిటైరయ్యాక నా కుర్చీలో ఒక అమ్మాయి చేరింది. చురుకైన పిల్ల, అన్నీ కంప్యూటరులో ఎక్కిస్తోంది. పోయిన నెల ఫోన్ చేసింది.

“మేడం, పద్నాలుగో నంబరు పెద్దాయన పోయిండంట. కొడుకు ఫోన్ చేసి చెప్పిండు. పేరు తీసేసి లిస్టు నీట్‌గా చేస్తున్న, సరేనా?”

ఇక ఆయన పింఛనులో సగం భార్యకు రావాలి. మేస్త్రీ భార్య చెవులు సరిగా వినబడని మనిషి, ఎవరినీ ఏమీ అడగదు.

“ఇప్పుడే ఏం తీసెయ్యకు బిడ్డా,” అన్నాను. “రేపు పొద్దున బస్సెక్కి ఆ ఇంటికి పోయి రా. లోపల ఇంకెవరున్నరో చూసి రా.”